తిరిగొచ్చిన మూడు శాంపిళ్లు: నాలుగేళ్ల బాబు, కలరా ఉండ, ఒక ఎంజైము

రాత్రి రిజిస్టర్‌లో ఒకే బాబు పేరు మూడుసార్లు ఉంది. 11:20కి ఒకసారి, 1:05కి ఒకసారి, తెల్లవారుజామున 4:40కి ఇంకోసారి. మూడింటి ఎదురుగా మా టెక్నీషియన్ గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాశాడు: "హీమోలైజ్డ్. మళ్లీ పంపండి." అంటే శాంపిల్‌లో ఎర్ర కణాలు పగిలిపోయాయని.

నేను ఉత్తరాంధ్రలో ఒక బోధనాసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తాను. ఆ గురువారం ఉదయం ఎనిమిదింటికి వచ్చేసరికి ల్యాబు కిటికీ దగ్గర హౌస్ సర్జన్ అమ్మాయి నాలుగో ట్యూబు పట్టుకుని నిలబడి ఉంది. "మేడమ్, ఇదీ వెనక్కి పంపిస్తే ఇంక గుచ్చడం నా వల్ల కాదు. బాబుకి నరాలు దొరకడం లేదు. మూడుసార్లూ సరిగ్గానే తీశాను మేడమ్" అంది. రాత్రంతా వార్డులో పీజీ చేత, ఫోన్లో మా టెక్నీషియన్ చేత తిట్లు తిని ఉంది పాపం.

ఫస్టియర్‌లో హెచ్‌ఎంపీ షంట్ (కణం గ్లూకోజ్‌ని వాడుకునే ఒక పక్కదారి) అని చదివి, వైవాలో అప్పజెప్పి, ఆ సాయంత్రానికే మర్చిపోయే పాఠం ఒకటుంది. ఆ రాత్రి ఆ పాఠం మొత్తం మా కిటికీ దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మేమే వెనక్కి పంపాం. ఈ కేసు రాయడానికి అసలు కారణం అది.

ట్యూబులో ఏముంది

మా టెక్నీషియన్ తప్పు చేశాడని నేను అనను. రూలు ప్రకారమే చేశాడు. సన్న సూదితో లాగినా, సిరంజి గట్టిగా పీల్చినా, ట్యూబుని గిలక్కొట్టినా ఎర్ర కణాలు పగిలిపోతాయి, వాటి లోపలి సరుకంతా సీరంలో కలుస్తుంది. కణం లోపల పొటాషియం బయటికంటే ఇరవై రెట్లకు పైగా ఉంటుంది. ఎల్‌డీహెచ్ అనే ఎంజైము అయితే వంద రెట్లు దాటుతుంది. అలాంటి సీరం మీద రిపోర్టు ఇస్తే, లేని హైపర్‌కెలీమియాకి (రక్తంలో పొటాషియం పెరగడానికి) ఎవరో ఒకరు వైద్యం మొదలుపెట్టేస్తారు. అందుకే వెనక్కి పంపుతాం. కానీ ఆ రూలు అడగని ప్రశ్న ఒకటుంది: కణాలు పగిలింది ట్యూబులోనా, ఒంట్లోనా?

నాలుగో ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. సూది తప్పు వల్ల పగిలిన శాంపిల్ సాధారణంగా రోజ్ మిల్క్ రంగులోనో, మరీ ఎక్కువైతే దానిమ్మ రసం రంగులోనో ఉంటుంది. ఇది అలా లేదు. ఎరుపులో గోధుమ కలిసి, చింతపండు పులుసులా ఉంది. పైగా రాత్రి మూడు ట్యూబులూ స్టాండులోనే ఉన్నాయి. పక్కపక్కన పెడితే నాలుగూ ఒకే రంగు. చెయ్యి వణికి పాడైన శాంపిళ్లు అన్నిసార్లూ ఒకేలా పాడవవు. ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, నాలుగూ ఒకచోట పెట్టి చూస్తే చాలు. రాత్రి డ్యూటీలో ఆ పని ఎవరూ చేయలేదు.

రూలు పక్కనపెట్టి మెషీన్లో పెట్టించాను. పొటాషియం 4.4. సీరం అంత ఎర్రగా ఉన్నప్పుడు, కణాలు ట్యూబులోనే పగిలి ఉంటే ఈ అంకె ఆరో ఏడో ఉండాలి. ఒంట్లో పగిలితే బయటపడ్డ పొటాషియంని మిగతా కణాలు లోపలికి తీసుకుంటాయి, కిడ్నీ బయటికి పంపేస్తుంది. ట్యూబుకి కిడ్నీ ఉండదు కదా.

మిగతా అంకెలు కూడా అదే దారిలో నడిచాయి. మొత్తం బిలిరుబిన్ (హీమోగ్లోబిన్ విరిగితే వచ్చే పసుపు పదార్థం) 6.1, అందులో డైరెక్ట్ (లివర్ నీటిలో కరిగేలా మార్చినది) 0.5 మాత్రమే. లివర్ పరీక్షలో చూసే ఎంజైములు ఏఎస్‌టీ 142, ఏఎల్‌టీ 24. లివర్ దెబ్బతింటే ఈ రెండూ కలిసి పెరగాలి. ఏఎస్‌టీ ఒక్కటే పెరిగిందంటే అది వేరేచోటి నుంచి వచ్చింది, ఎర్ర కణంలో ఏఎస్‌టీ పుష్కలంగా ఉంటుంది. ఎల్‌డీహెచ్ 2,180. పగిలిన హీమోగ్లోబిన్ వల్ల బిలిరుబిన్ అంకె కొంత తక్కువగా వచ్చి ఉండొచ్చని రిపోర్టు కింద రాసి సంతకం పెట్టాను.

పక్క డిపార్ట్‌మెంట్ నుంచి సీబీపీ (రక్తకణాల లెక్క) తెప్పిస్తే హీమోగ్లోబిన్ 5.2, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) 13.1, ఎంసీహెచ్‌సీ (కణంలో హీమోగ్లోబిన్ సాంద్రత) 39.7. ఈ చివరి అంకె మీద ఒక్క నిమిషం ఆగాలి. ఎర్ర కణంలో హీమోగ్లోబిన్‌ని కూరడానికి ఒక హద్దుంది. మామూలుగా ఎంసీహెచ్‌సీ 36 దాటదు. మరి 39.7 ఎలా వచ్చింది? మెషీన్ కణాలన్నిటినీ పగలగొట్టి మొత్తం హీమోగ్లోబిన్‌ని కొలుస్తుంది, అప్పటికే ప్లాస్మాలో ఈదుతున్నదాన్ని కూడా కలుపుకుని. ఆ మొత్తాన్ని మిగిలిన కణాల ఘనపరిమాణంతో భాగిస్తుంది. లేని కణాల సరుకు ఉన్న కణాల లెక్కలో పడింది. అంటే బాబు అసలు హీమోగ్లోబిన్ 5.2 కంటే కూడా తక్కువే.

యూరిన్ స్ట్రిప్‌లో బ్లడ్ 3 ప్లస్. మైక్రోస్కోపులో ఎర్ర కణాలు ఒకటో రెండో. స్ట్రిప్ పట్టుకునేది కణాన్ని కాదు, హీమ్‌ని. హీమ్ పెరాక్సిడేజ్‌లా పనిచేసి స్ట్రిప్ రంగు మారుస్తుంది. కండరం నుంచి వచ్చే మయోగ్లోబిన్ కూడా అదే పని చేస్తుంది. అయితే మయోగ్లోబిన్ చిన్న అణువు, కిడ్నీ దాన్ని త్వరగా వడకట్టేస్తుంది, సీరం తేటగానే ఉంటుంది. ఇక్కడ సీరమూ ఎర్రదే, మూత్రమూ ఎర్రదే. కాబట్టి హీమోగ్లోబినే. మూత్రంలో బిలిరుబిన్ లేదు, యూరోబిలినోజెన్ మాత్రం ఎక్కువ. కంజుగేట్ కాని, అంటే లివర్ ఇంకా మార్చని బిలిరుబిన్ ఆల్బుమిన్‌ని పట్టుకుని ఉంటుంది, ఆల్బుమిన్ కిడ్నీ జల్లెడ దాటదు.

ఒక గ్రాము హీమోగ్లోబిన్ విరిగితే దాదాపు 35 మిల్లీగ్రాముల బిలిరుబిన్ వస్తుంది. బాబుకి రెండు రోజుల్లో ఎన్ని గ్రాములు విరిగాయో లెక్కవేస్తే, వాడి లివర్ ఎంత కష్టపడుతోందో అర్థమవుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం పచ్చకామెర్లు అంటే లివరే చెడిందనుకున్నారు.

వార్డులో

ల్యాబు డాక్టర్లు వార్డుకి వెళ్లడం మా దగ్గర అంత అలవాటు లేదు. వెళ్లాను.

బాబుకి నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. కళ్లు పసుపు, పెదవులు సున్నం కొట్టినట్టు తెలుపు. ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి, అయినా పల్స్ ఆక్సీమీటర్ 89 మీద నుంచి కదలడం లేదు. చేతులు చల్లగా ఉండి అలా చూపిస్తోందేమోనని రాత్రి మూడు వేళ్లు మార్చి చూశారట.

కేస్ షీటులో మందుల చరిత్ర దగ్గర "ఏమీ లేదు" అని రాసి ఉంది. ఆ మాట అబద్ధం కాదు. వాళ్లని అడిగింది మందుల గురించి. నేను బాబు వాళ్ల నాయనమ్మని వేరేలా అడిగాను. "అమ్మా, ఈ వారం రోజుల్లో బాబు నోట్లో పెట్టకూడనిది ఏమైనా పెట్టాడా? కర్పూరం, పొలం మందు, కలరా ఉండ, అలాంటిది?"

తల్లి అత్తగారి వైపు చూసింది. ఆవిడ కాసేపు నేల చూసి, "ఆదివారం పెళ్లికెళ్దామని ట్రంకు పెట్టె తీశాను డాక్టరమ్మా. పిప్పరమెంటు బిళ్ల అనుకున్నాడు. నేను చూసేసరికి సగం అరిగిపోయింది. నోట్లో వేలు పెట్టి తీసేశాను. విషం విరుగుతుందని వెంటనే గ్లాసుడు పాలు పట్టాను" అంది.

తెలంగాణలో డాంబర్ గోళీ అంటారు, మా వైపు కలరా ఉండ. చూడ్డానికి తెల్లగా, గుండ్రంగా, పిల్లల కోసమే చేసినట్టు ఉంటుంది. పాలు పట్టడం ప్రేమతో చేసిన పనే, కానీ ఈ ఉండల్లో సాధారణంగా ఉండే నాఫ్తలీన్ కొవ్వులో కరిగే పదార్థం. పాలలోని కొవ్వు దాన్ని పేగు దాటించడానికి సాయం చేస్తుంది. ఈ మాట అప్పుడు ఆవిడకి చెప్పలేదు. డిశ్చార్జి రోజున, ఇంట్లో ఇంకో పసివాడున్నాడని తెలిశాక చెప్పాను.

ఆదివారం మింగితే మంగళవారం దాకా ఏమీ లేదు. మంగళవారం జ్వరం, వాంతులు, కడుపునొప్పి. బుధవారం పొద్దున మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయని ఊళ్లో పసరు పోయించారు. సాయంత్రానికి బాబు కూర్చోలేకపోయాడు, రాత్రికి మా దగ్గరికి తెచ్చారు.

మిగతా ఉండల్ని నాయనమ్మ కొంగు ముడిలో వేసుకుని వచ్చింది. రాత్రి ఎవరూ అడగలేదు, ఆవిడ చూపించలేదు. వాటిని ల్యాబుకి తీసుకెళ్లాను. కలరా ఉండ అన్నంత మాత్రాన అది నాఫ్తలీనే కానక్కర్లేదు. పారాడైక్లోరోబెంజీన్‌తోనూ చేస్తారు, అది ఎర్ర కణాల మీద ఇంత దాడి చేయదు. కర్పూరం అయితే అసలు కథే వేరు, ఫిట్స్ వస్తాయి. తేల్చడానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. రెండు బీకర్లు, గుప్పెడు ఉప్పు చాలు. మొదటి బీకర్‌లో మంచినీళ్లు. కర్పూరం తేలుతుంది, మిగతా రెండూ మునుగుతాయి. మా ఉండ మునిగింది. రెండో బీకర్‌లో ఇంక కరగదు అన్నంత వరకు ఉప్పు కలిపిన నీళ్లు. నాఫ్తలీన్ అందులో తేలుతుంది, పారాడైక్లోరోబెంజీన్ అందులోనూ మునుగుతుంది. మా ఉండ ఒకసారి అడుగుకి వెళ్లినట్టే వెళ్లి, మెల్లగా పైకొచ్చి నిలబడింది. రాత్రి డ్యూటీ దిగిన టెక్నీషియన్ ఇంటికి పోకుండా నా పక్కనే నిలబడి చూస్తున్నాడు.

రెండు రోజుల ఆలస్యం, ఒక ఖాళీ బిందె

నాఫ్తలీన్ తనంతట తాను ఎర్ర కణాన్ని పగలగొట్టదు. లివర్ దాన్ని వదిలించుకోవాలని సైటోక్రోమ్ పి450తో ఆక్సీకరణం చేస్తుంది. ముందు ఎపాక్సైడ్, తర్వాత నాఫ్తాల్, ఆ తర్వాత నాఫ్తోక్వినోన్. అసలు దొంగ ఈ క్వినోనే. ఆలస్యానికి ఒక కారణం అదే. అది ఎర్ర కణంలో ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, దాన్ని ఆక్సిజన్‌కి అంటగట్టి సూపరాక్సైడ్‌గా మారుస్తుంది, మళ్లీ క్వినోన్ అయిపోయి ఇంకో ఎలక్ట్రాన్ కోసం వస్తుంది. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అందుకే సగం ఉండ కూడా చాలు.

సూపరాక్సైడ్ హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. దాన్ని నీరుగా మార్చేది గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్. అందుకు గ్లూటాథయోన్ అనే కాపలా అణువు ఖర్చవుతుంది. ఖర్చైన గ్లూటాథయోన్‌ని మళ్లీ పనికొచ్చేలా చేయాలంటే ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. మిగతా కణాలకి ఎన్‌ఏడీపీహెచ్ వచ్చే దారులు వేరే ఉన్నాయి. ఎర్ర కణానికి మైటోకాండ్రియా లేదు, న్యూక్లియస్ లేదు. హెచ్‌ఎంపీ షంట్ ఒక్కటే దిక్కు. ఆ షంట్ గుమ్మం దగ్గర నిలబడ్డ ఎంజైమే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, జీ6పీడీ.

క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు: ఎన్‌ఏడీహెచ్ ఉందిగా, మళ్లీ ఎన్‌ఏడీపీహెచ్ ఎందుకు? తేడా ఒక్క ఫాస్ఫేటేగా? మా అమ్మమ్మ ఇంట్లో మడి బిందె వేరు, వాడకం బిందె వేరు. రెండింట్లోనూ ఒకే బావి నీళ్లు. అయినా వాడకం బిందె నిండుగా ఉన్నా మడి బిందె ఖాళీ అయితే వంట ఆగిపోయేది. కణంలోనూ అంతే. గ్లైకాలిసిస్‌లో వచ్చే ఎన్‌ఏడీహెచ్ వాడకం బిందె. గ్లూటాథయోన్ రిడక్టేజ్ మడి కట్టుకున్న ఎంజైము, ఆ ఒక్క ఫాస్ఫేట్ ఉంటేనే ముట్టుకుంటుంది.

మామూలు రోజుల్లో ఎర్ర కణం వాడే గ్లూకోజ్‌లో పదో వంతు మించి ఈ దారిలో పోదు. అందుకే జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు. బాబుకీ నాలుగేళ్లు ఏమీ కాలేదు. ఆదివారం దాకా బిందె నిండాల్సిన అవసరమే రాలేదు.

బిందె ఖాళీ అయ్యాక హీమోగ్లోబిన్ మీద ఉన్న సల్ఫైడ్రిల్ గుంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ప్రొటీన్ ముద్దకట్టి కణం గోడకి అంటుకుంటుంది. క్రిస్టల్ వయొలెట్ వేస్తే కనబడే ఆ చుక్కలే హైంజ్ బాడీలు. ప్లీహం ఆ ముద్దని పీకే ప్రయత్నంలో కణం అంచు కొరికేస్తుంది. పాథాలజీలో స్లయిడ్ చూశాను. జంతిక కొరికినట్టు అంచుల్లేని కణాలు ఫీల్డుకి నాలుగైదు. కొన్ని కణాలు ప్లీహం దాకా పోకుండా రక్తనాళంలోనే పగిలాయి. మా ట్యూబు ఎరుపు వాటిదే. బాబు కడుపునొప్పికి కూడా కొంత కారణం అక్కడే ఉంది. బయటపడ్డ హీమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ని మింగేస్తుంది, దాంతో నున్నటి కండరాలు బిగుసుకుంటాయి.

ట్రేలో నీలం మందు

గోధుమ రంగుకి, ఆక్సీమీటర్ చూపించే 89కి ఇంకా జవాబు రాలేదు.

మా ఐసీయూలో బ్లడ్ గ్యాస్ మెషీన్‌కి కో-ఆక్సీమీటర్ (హీమోగ్లోబిన్ రకాల్ని విడివిడిగా కొలిచేది) ఉంది. రాత్రి తీసిన ప్రింటవుట్ కేస్ షీటుకి పిన్ను కొట్టి ఉంది. పీహెచ్, పీఓ2, బైకార్బ్ చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టారు. కాగితం అడుగున ఇంకో వరుస ఉంది: మెట్‌హీమోగ్లోబిన్ 18 శాతం. దాని చుట్టూ సున్నా లేదు.

హీమ్‌లో ఇనుము ఫెర్రస్‌గా ఉంటేనే ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఆక్సీకరణం జరిగి ఫెర్రిక్ అయితే అది మెట్‌హీమోగ్లోబిన్, దాని రంగు గోధుమ, ఆక్సిజన్‌కి పనికిరాదు. పైగా అదే అణువులో మిగిలిన ఫెర్రస్ హీమ్‌లు పట్టిన ఆక్సిజన్‌ని వదలకుండా మొండికేస్తాయి. పల్స్ ఆక్సీమీటర్ 660, 940 నానోమీటర్ల దగ్గర రెండు వెలుతుర్లే చూస్తుంది. మెట్‌హీమోగ్లోబిన్ రెండింటినీ దాదాపు సమానంగా పీలుస్తుంది, పరికరం అయోమయంలో పడి, అది పెరిగేకొద్దీ 85 వైపు జారుతుంది. పీఓ2 మాత్రం 140 ఉంది. పీఓ2 అంటే ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్, హీమోగ్లోబిన్‌తో దానికి పనిలేదు.

బాబు నీలంగా ఎందుకు లేడన్న ప్రశ్న పీజీ అడిగాడు. మంచి ప్రశ్న. నీలం కనబడాలంటే డెసిలీటర్‌కి దాదాపు 1.5 గ్రాముల మెట్‌హీమోగ్లోబిన్ కావాలి. 5.2లో 18 శాతం అంటే గ్రాము కూడా లేదు. నీలం తేలడానికి సరిపడా రక్తమే బాబుకి లేదు. పనికొచ్చే హీమోగ్లోబిన్ 4.3 దగ్గర ఉంది, అది మోసే ఆక్సిజన్ ఆరు మిల్లీలీటర్లకు మించదు. ఈ వయసు పిల్లలకి పదహారు దాకా ఉండాలి.

మెట్‌హీమోగ్లోబిన్ అనగానే పుస్తకంలో గుర్తొచ్చే మందు మిథిలీన్ బ్లూ. పీజీకి కూడా అదే గుర్తొచ్చింది. నేను మాట్లాడుతుండగానే సిస్టర్ ఆంప్యూల్‌ని ట్రేలో పెట్టుకుని వచ్చింది. "ఆపండి" అని కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పక్క బెడ్ వాళ్లు కూడా తిరిగి చూశారు.

మిథిలీన్ బ్లూ తనే ఇనుముని బాగుచేయదు. ముందు అది ల్యూకోమిథిలీన్ బ్లూగా మారాలి. మార్చే ఎంజైముకి కావలసింది ఎన్‌ఏడీపీహెచ్. మళ్లీ అదే మడి బిందె. అది ఖాళీగా ఉన్నప్పుడు ఈ నీలం మందు మారకుండా మిగిలిపోయి, తనే ఇంకో ఆక్సిడెంట్ అవుతుంది. విరగకుండా మిగిలిన కణాలు కూడా విరుగుతాయి. జీ6పీడీ రిపోర్టు అప్పటికి లేదు. కానీ ఇంత హీమోలైసిస్ కళ్లెదుట ఉన్నప్పుడు రిపోర్టు వచ్చేదాకా లోపం ఉందనే అనుకోవాలి.

బాబుకి ఇచ్చింది చాలా మామూలు వైద్యం. కిలోకి 10 మిల్లీలీటర్ల లెక్కన 140 మిల్లీలీటర్ల ప్యాక్డ్ సెల్స్ నెమ్మదిగా, హీమోగ్లోబిన్ కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడకుండా సెలైన్, ఆక్సిజన్, కొద్ది మోతాదులో విటమిన్ సి. విటమిన్ సి ఎంజైములతో పనిలేకుండా మెట్‌హీమోగ్లోబిన్‌ని తగ్గిస్తుంది, కానీ చాలా నిదానంగా. ఎక్కువ మోతాదులో అది కూడా ఇలాంటి కణాలకి హాని చేయగలదు. నిజానికి బాబుని కాపాడింది వాడి వాడకం బిందె. మెట్‌హీమోగ్లోబిన్‌ని రోజూ సరిచేసే సైటోక్రోమ్ బీ5 రిడక్టేజ్ ఎన్‌ఏడీహెచ్‌తో నడుస్తుంది. గ్లైకాలిసిస్‌కి ఏ లోపమూ లేదు, కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. రెండు రోజుల్లో 18 శాతం 5కి వచ్చింది. ఎక్కించిన రక్తం వల్ల పలచబడింది కొంత, ఈ ఎంజైము పని కొంత. మూత్రం శనివారానికి టీ రంగుకి, సోమవారానికి మామూలుకి వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్కరోజు కూడా పెరగలేదు.

నార్మల్‌లా కనబడే రిపోర్టు

జీ6పీడీ పరీక్షకి రక్తం ఎక్కించకముందు తీసిన శాంపిల్ కావాలి. ఎక్కించాక చేస్తే దాత ఎంజైమే కనబడుతుంది. రాత్రి మొదటిసారి పంపిన ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ట్యూబు సీబీపీ అయ్యాక పాథాలజీ ఫ్రిజ్‌లో ఉండిపోయింది. జీ6పీడీ ఈడీటీఏలో, చల్లగా ఉంటే కొన్ని రోజులు నిలుస్తుంది. బాబుని అయిదోసారి గుచ్చే అవసరం రాలేదు.

పరీక్ష సూత్రం పాతదే. ఎన్‌ఏడీపీహెచ్ 340 నానోమీటర్ల వెలుతురుని పీలుస్తుంది, ఎన్‌ఏడీపీ పీల్చదు. ఈ ఒక్క తేడా మీద ఒట్టో వార్‌బుర్గ్ 1930ల్లో కట్టిన పద్ధతితోనే ఈనాటికీ మా ల్యాబులో సగం ఎంజైములు కొలుస్తున్నాం. స్పాట్ టెస్టులో మెషీన్ కూడా అక్కర్లేదు. ఫిల్టర్ పేపరు మీద చుక్క వేసి, అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే ఎన్‌ఏడీపీహెచ్ ఉన్నచోట మెరుస్తుంది.

బాబు చుక్క మెరిసింది. కంట్రోల్ అంత కాదు, కానీ మెరిసింది. కొలిచి చూస్తే నార్మల్‌లో సగానికి కాస్త తక్కువ. రిపోర్టు ఫారంలో ఉన్నవి రెండే గడులు, నార్మల్, డెఫిషియంట్. టెక్నీషియన్ నావైపు చూశాడు.

పగిలేది ముందుగా ముసలి కణాలే. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, ఎంజైము మాత్రం అంతకంటే త్వరగా తరిగిపోతుంది. మామూలు జీ6పీడీకి కణంలో సగానికి తరగడానికి పట్టేది 62 రోజులు, ఆఫ్రికాలో ఎక్కువగా కనబడే ఏ-మైనస్ రకానికి 13 రోజులు. న్యూక్లియస్ లేదు కాబట్టి కొత్తది తయారవదు. దాడి జరిగినప్పుడు ఎంజైము తక్కువున్నవి చచ్చిపోతాయి, మిగిలినవి పడుచు కణాలు. ఎన్నికల్లో ఓడినవాళ్లనంతా ఊరి నుంచి పంపేసి సర్వే చేసినట్టు, మనం కొలిచేది మిగిలినవాటినే.

1956లో అమెరికాలో ఈ లోపాన్ని కనిపెట్టిన తీరులోనూ ఇదే ఉంది. ఇల్లినాయ్‌లోని స్టేట్‌విల్ జైలులో ఖైదీలకి మలేరియా మందు ప్రిమాక్విన్ ఇచ్చి చూసేవారు. కొందరికి రక్తం విరిగేది, ఆశ్చర్యం ఏమిటంటే మందు ఆపకపోయినా కొన్నాళ్లకి అదే ఆగిపోయేది. ముసలి కణాలు అయిపోయాయి, అంతే. ఖైదీల మీద అలాంటి ప్రయోగాలు చేయడం ఎంతవరకు న్యాయం అన్నది వేరే ప్రశ్న, క్లాసులో ఆ మాట అనకుండా ఈ పాఠం చెప్పను.

ఆ ఈడీటీఏ రక్తాన్నే సన్న గొట్టంలో పోసి గట్టిగా తిప్పాను. ముసలి కణాలు బరువెక్కువ, అడుగుకి చేరతాయి. అడుగు భాగం విరిచి, ఆ రక్తంతో చుక్క వేశాను. దీపం కింద నల్లగానే ఉండిపోయింది. రెండు గడుల్లోనూ టిక్కు పెట్టకుండా, "హీమోలైసిస్ సమయంలో తీసిన శాంపిల్, లోపం లేదని దీన్నిబట్టి చెప్పలేం, నాలుగు నెలల తర్వాత మళ్లీ చేయాలి" అని చేత్తో రాశాను.

మేనమామ

జీ6పీడీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కాబట్టి తండ్రి వైపు కాదు, తల్లి వైపు అడగాలి. తల్లి వెంటనే చెప్పింది. ఆమె తమ్ముడు పాడేరు వైపు రోడ్డు పనికి వెళ్లినప్పుడు మలేరియా వచ్చింది, 14 రోజుల మాత్రలు ఇచ్చారు, నాలుగో రోజుకి కామెర్లు, మూత్రం నల్లగా. "మలేరియా ముదిరిందన్నారు మేడమ్." వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా 14 రోజులు ఇచ్చేది ప్రిమాక్విన్. అతన్ని పిలిపించి చుక్క వేశాం. మెరుపు లేదు.

మన వైపు ఇంకో చిక్కుంది. బాబు అక్కకి ఆరేళ్లు, ఆ పిల్లని మేనమామకే ఇస్తామని ఇంట్లో అందరూ సరదాగా అంటుంటారట. ఎక్స్ మీది జబ్బులు మగపిల్లలకే అన్నది పుస్తకంలో మాట. లోపం ఉన్న మేనమామ తన ఒక్క ఎక్స్‌నీ కూతుళ్లందరికీ ఇస్తాడు. మేనకోడలు కూడా క్యారియర్ అయితే, పుట్టే ఆడపిల్లల్లో సగం మందికి రెండు ఎక్స్‌ల మీదా లోపం పడే అవకాశం ఉంది. ఇది బోర్డు మీద గీసి చూపించాను. పెళ్లి చేయమని గానీ వద్దని గానీ చెప్పలేదు, ఆ పిల్ల ఇంకా పలక పట్టుకుని తిరుగుతోంది.

డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసిచ్చాను: ప్రిమాక్విన్, డాప్సోన్, నైట్రోఫ్యురాంటోయిన్ వద్దు. కలరా ఉండలు ఇంట్లోనే వద్దు, అందులో పెట్టిన బట్టల్లో పసిపిల్లల్ని చుట్టొద్దు. జ్వరానికి మామూలు మోతాదులో పారాసిటమాల్ వాడొచ్చు. గోరింటాకు గురించి కూడా రాశాను. దాని ఎరుపుకి కారణమైన లాసోన్ కూడా నాఫ్తోక్వినోనే, మన దొంగకి చుట్టం. లోపం ఉన్న పసికందులకి ఒంటికి గోరింటాకు పూసి హీమోలైసిస్ తెచ్చిన కేసులున్నాయి. చిక్కుడుకాయ మానాలా అని తండ్రి అడిగాడు, ఎవరో ఫోన్లో చూపించారట. అక్కర్లేదు. విసిన్, కాన్‌విసిన్ అనే పదార్థాలు ఉండేది ఫావా గింజల్లో, మన చిక్కుడు వేరే మొక్క.

నాలుగు నెలలకి తల్లి బాబుని తీసుకొచ్చింది. ఈసారి ఒక్కసారే గుచ్చారు. హీమోగ్లోబిన్ 11.6, రెటిక్యులోసైట్లు (అప్పుడే పుట్టిన ఎర్ర కణాలు) ఒక శాతం. జీ6పీడీ నార్మల్‌లో 15 శాతం. డెఫిషియంట్ గడిలో టిక్కు పెట్టాం. అక్క చుక్క మాత్రం సగం సగంగా మెరిసింది. ఆడపిల్లల్లో ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ మూతబడుతుంది, అందుకని కొన్ని కణాలు బాగుంటాయి, కొన్ని బాగుండవు, స్పాట్ టెస్టు వాటి సగటుని చూపిస్తుంది. ఆ పిల్ల కాగితం మీద "క్యారియర్ కావచ్చు, మలేరియా మందు ఇచ్చే ముందు ఎంజైము కొలవాలి" అని రాసి, మడతపెట్టి ఆధార్ కార్డుతో పాటు దాచుకోమన్నాను.

మా రిజిస్టర్‌లో ఇప్పుడు "హీమోలైజ్డ్" పక్కన ఇంకో గడి ఉంది: రెండోసారీ అలాగే వస్తే మూత్రం రంగు అడిగారా, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశారా. ఆ గడి గీసింది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియనే, స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో.